సున్నా కేసుల ఊళ్లో నా మేక

మా ఊరి పేరు మీద పోలీసు స్టేషన్లో ఒక్క కేసు కూడా లేదు. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచీ లేదు, అంతకు ముందూ లేదట. ఈ మాట చెప్పినప్పుడల్లా మా మరిది భుజం మీది తువ్వాలు సర్దుకుంటాడు. ఆయన పంచాయతీ ప్రెసిడెంటు. కేసులు లేవంటే దొంగలు లేరనుకుంటారు విన్నవాళ్లు. దొంగలున్నారు. నేను ఈ ఊరికి వచ్చి యాభై ఏళ్లు దాటింది. ఎవరింట్లో ఏది పోయిందో, అది ఎవరింట్లో ఉందో చాలావరకు నాకు తెలుసు.

మాది కోవిల్‌పట్టి నుంచి విరుదునగరం పోయే రోడ్డుకు పక్కగా, నల్లరేగడి చేల మధ్య ఉన్న చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఊరంతా రెండే ఇంటిపేర్లు. వీళ్లు వాళ్లకు పిల్లనిస్తారు, వాళ్లు వీళ్లకిస్తారు. అందువల్ల ప్రతివాడూ ప్రతివాడికీ మామో, బావో, మరిదో అవుతాడు. బావ మీద కేసు పెట్టేదెవరు? పెడితే రేపు వాడి కూతుర్ని మన పిల్లవాడికి అడగడానికి ఏ మొహం పెట్టుకుని పోవాలి?

దొంగతనాల సంగతి నేను చూసినంత మేరకు చెబుతాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పోయేవి చేలో పత్తి, కళ్లంలో సజ్జలు. ఇళ్లలో ఏమీ ఉండేది కాదు కాబట్టి ఇళ్లలో ఏమీ పోయేది కాదు. తలుపుకు గొళ్లెం పెట్టడం కూడా కుక్కల కోసమే. తర్వాత బావులకు కరెంటు మోటార్లు వచ్చాయి, రాగితీగ పోవడం మొదలైంది. సైకిళ్లు వచ్చాయి, గాలి పంపులు పోయాయి. శివకాశి అగ్గిపెట్టెల కంపెనీల వ్యాన్లు ఊళ్లోకొచ్చి ఆడవాళ్లను పనికి తీసుకుపోవడం మొదలయ్యాక ఇళ్లలోకి మిక్సీలు వచ్చాయి, మిక్సీల మూతలు పోయాయి. మూత ఒక్కటే ఎందుకు తీసుకుపోతారని అడక్కండి. వాళ్లింట్లో మూత పగిలి ఉంటుంది. కయత్తారు వైపు గాలిమరలు నాటినప్పుడు వాటి బోల్టులు పోయాయి. ఒక్కో బోల్టు ఎంత పెద్దదంటే, దానితో ఒకాయన చాలాకాలం శొంఠి దంచుకున్నాడు. ఇప్పుడు దొంగ ఊళ్లోకి రావలసిన పని కూడా లేదు, ఫోనులో పలకరించి బ్యాంకులో ఉన్నది ఊడ్చుకుపోతున్నాడు. దొంగతనాలు పెరిగాయా తగ్గాయా అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు. సామాను పెరిగింది.

ఊళ్లో చిన్న వస్తువు పోతే దాన్ని రాబట్టుకోవడానికి మాకో పద్ధతి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం చావడి ముందు పెద్ద గంగాళం పెడతారు. ఇంటికొకరు చొప్పున పేడముద్ద పట్టుకొచ్చి అందులో వేసి పోవాలి. అందరూ వేశాక నీళ్లు పోసి కలుపుతారు. పోయిన ముక్కుపుడకో ఉంగరమో అడుగున చేతికి తగులుతుంది. ఏ ముద్దలోంచి వచ్చిందో దేవుడికి కూడా తెలియదు. పోగొట్టుకున్నవాళ్లు కడుక్కుని పెట్టుకుంటారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఒకసారి ఒక ఉంగరం పోతే గంగాళంలో రెండు దొరికాయి. రెండోది నాదంటూ ఎవరూ రాలేదు. అమ్మవారి హుండీలో వేసేశారు.

మంచి పద్ధతే. పోలీసులకన్నా త్వరగా పనవుతుంది, సాక్షులు అక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. పేడముద్దలో మేక పట్టదు.

నా మేక సోమవారం పోయింది. నల్లది, చెవులు మాత్రం తెలుపు. ఈని పన్నెండు రోజులైంది, రెండు పిల్లలు. మా ఊరి పక్కన నీళ్లు లేని వాగు ఒకటుంది. వాగుకు ఇవతల కోవిల్‌పట్టి వైపు జిల్లా, అవతల విరుదునగరం జిల్లా. పిల్లల్ని ఇంటి దగ్గర గంప కింద మూసిపెట్టి, మేకను వాగు అవతలికి తోలుకుపోయి తుమ్మచెట్ల కింద మేపుతున్నాను. ఒక్క నిమిషం కన్ను మూతపడిందని అందరికీ చెప్పాను. మీకు నిజం చెబుతాను, బాగా నిద్రపోయాను. లేచేసరికి మేక లేదు. దుమ్ములో వ్యాను చక్రాల జాడ, దాని పక్కన ఒక అరటితొక్క ఉన్నాయి. నా మేక అరటితొక్క చూపిస్తే మదురై దాకా నడిచిపోతుంది.

ఇంటికొచ్చి గంప ఎత్తితే రెండు పిల్లలూ నా చీరకుచ్చిళ్లలో దూరి పాలు వెతుక్కున్నాయి. ఆవుపాలు కాచి సీసాతో పట్టాను. పెద్దది ముక్కు చిట్లించి నాలుగు గుక్కలు తాగింది. చిన్నది రబ్బరును నాలుకతో బయటికి తోసేసింది. ఊళ్లో పాలిచ్చే మేక ఇంకొకటే ఉంది, మా తోడికోడలిది. దాని దగ్గరికి తీసుకుపోతే అది నా పిల్లల్ని కొమ్ములతో ఎత్తి అవతల పడేసింది. నేను మేకల మధ్యే ముసలిదాన్నయ్యాను. తల్లి రాకపోతే చిన్నది మూడు రోజులకు మించి ఉండదని దాని మెడ పట్టుకుంటేనే తెలిసింది.

సాయంత్రం మరిది ఇంటికి పోయాను. తోడికోడలు ఆయన భార్యే. ఆయన అరుగు మీద కూచుని గురువారం సభకు కుర్చీలు ఎన్ని కావాలో ఫోనులో చెబుతున్నాడు. మేక సంగతి చెప్పి, రేపు పొద్దున పోయి కేసు పెడతానన్నాను.

ఆయన ఫోను పక్కన పెట్టేశాడు. "వదినె, నీ కాళ్లు పట్టుకుంటాను. గురువారం పెద్దాపీసరు వస్తా ఉండాడు. ఊరి మొగదల 'నేరాలు లేని ఊరు' అని బోర్డు నాటేదానికి. నువ్వు శుక్రవారం పోయి ఇచ్చుకో నీ పిర్యాదు."

"శుక్రవారానికి పిల్ల చస్తాది."

"మేకపిల్లే కదా వదినె."

"ఓట్లు అడగను వచ్చినప్పుడు నా మేకకు కూడా దండం పెట్టి పోతివే. అప్పుడు మేకే కదా అని అంటివా?"

"ఆ పొద్దు చీకట్లో మనిసనుకుంటి" అన్నాడు.

లోపల్నుంచి తోడికోడలు కేకేసింది. "అక్కా, కాపీ తాగి కొట్లాడండి. ఆరిపోతాది."

కాఫీ తాగాం. ఆయన బతిమాలడం మొదలుపెట్టాడు. తాతల కాలం నుంచి లేని కేసు తన కాలంలో పడిందని చెప్పుకుంటారట. బోర్డు మీద అడుగున ఆయన పేరు కూడా ఉంటుందట, రంగు వేసి ఆరబెట్టారట. చివరికి ఒక దారి దొరికిందనుకుని అడిగాడు. "అయినా నీ పిర్యాదు ఎవురు రాస్తారు? రాసే బడిపంతులు లీవులో ఉండాడు."

"నేనే రాస్తాను."

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. పాలసంఘం షెడ్డులో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు బడి పెడితే నేనూ పోయి కూచున్నాను. మొదట అరవం వచ్చింది. తర్వాత మా వియ్యంకుడు తెలుగు అక్షరాలు నేర్పాడు. ఆయనది అరుప్పుకోట పక్క మగ్గాల ఊరు, ఎట్లాగో తెలుగు చదవడం వచ్చు. ఆంధ్రావాళ్లు మా మాట వింటే పాతకాలపు మాట అని నవ్వుతారు. రాతలో వాళ్లచేత నవ్వించుకోకూడదని దొరికిన పుస్తకమల్లా చదివి ఇట్లా రాయడం పట్టుకున్నాను. అయితే అప్పటికి కాగితం మీద నేను రాసినవి సంతకాలు, ఒకటి రెండు ఉత్తరాలు, అంతే. సర్కారుకు ఏదీ రాసి ఎరగను. మరిదికి అది తెలుసు. రాస్తానంటే రాస్తానని కూడా తెలుసు.

అందుకే ఆయన ఇంకో దారి పట్టాడు. "ముద్దల పద్దతి చేస్తాము. శుక్రవారం దాకా వద్దు, రేపే చేస్తాము. ఊళ్లోవాళ్లే ఎవురన్నా తోలుకుపోయుంటే వచ్చేస్తాది."

"ముద్దలో మేకను ఎట్ల పెడతారు మరిదీ?"

ఆలోచించాడు. ఆలోచించి బందెలదొడ్డి అన్నాడు. వెనకటికి చేలో పడిన పశువుల్ని తోలి మూసే దొడ్డి అది. మనిషెత్తు గోడలు, ఒకటే వాకిలి. ఊరంతా ఒక గంట తలుపులేసుకుని కూచుంటే, తీసుకున్నవాళ్లు ఎవరి కంటా పడకుండా మేకను అందులో కట్టేసి పోవచ్చు. ఇది బాగానే ఉందనిపించింది నాకు. మంగళవారం ఒక్క పూట చూస్తానన్నాను.

మర్నాడు పొద్దున్నే గుడి మైకులో ఆయన గొంతు.

"ఊరి జనానికి తెలియజేసుకునేది ఏమంటే, మా వదినె మేక అగుపడలేదు. ఎవురూ దొంగిలించినారని మేము చెప్పలా. అదే యాడికో పోయుండాది. మద్దేనం పన్నెండు నుంచి ఒకటి దాకా అందురూ తలుపులేసుకుని లోపలుండాల. మేక ఎవురి కంటన్నా పడుంటే ఆ గంటలో బందెలదొడ్లో కట్టేసి పొండి. ఎవురూ చూడరు, ఎవురూ అడగరు."

అక్కడితో ఆపి ఉండవచ్చు. మైకు చేతికొస్తే ఆయన ఆపలేడు. "మేకే కాదు. ఇంకేదన్నా ఎవురిదన్నా పొరబాటుగా మీ ఇంట్లో ఉండిపోయి ఉంటే అదీ తెచ్చి పెట్టేయండి. గురువారానికి ఊరు శుబ్బరంగా ఉండాల."

పన్నెండుకు నేనూ తలుపేసుకున్నాను. వేసుకుని అటక వైపు చూశాను. అటక మీద పాతాళగరిగె ఉంది, అంటే బావిలో పడిన చేదల్ని పైకి లాగే కొక్కేల గుత్తి. అది మా తోడికోడలిది. ముప్పై ఏళ్ల కింద మా చేద బావిలో పడితే, ఆమె ఇంట్లో లేని సమయాన తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో ఇచ్చేద్దామనే. మూడో రోజు ఆమె వీధిలో నిలబడి, తీసుకున్నవాళ్ల చేతులు విరిగిపోనీ అని తిట్టడం మొదలుపెట్టింది. అంత తిట్టాక ఎట్లా ఇస్తాను? తిట్లు ఆగాక ఇద్దామనుకున్నాను. ఆగేసరికి బావి ఎండిపోయింది.

దాన్ని దించి కొంగు కింద పెట్టుకుని, తలుపు తీసి బయటికి వచ్చాను.

అమ్మవారి జాతరకు కూడా మా వీధిలో అంత మందిని చూడలేదు. ఆడా మగా అందరూ తల మీద ముసుగు లాక్కుని, చంకలో ఏదో పెట్టుకుని, గోడల వెంబడి నేల చూస్తూ పోతున్నారు. ఎవరికి వారే, పక్కన ఎవరూ లేనట్టు. ఒకరికొకరు అడ్డం వస్తే ఇద్దరూ ఆగి, ఇద్దరూ మొహాలు తిప్పుకుని, ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకుని మళ్లీ ఢీకొంటున్నారు. నా కొంగు కింద కొక్కేలు గజ్జెల్లాగా గలగలమంటున్నాయి. ఎదురుగా మా పెద్దమామ వరస ముసలాయన తువ్వాలు కింద ఏదో పలకంత పెద్ద వస్తువు పట్టుకుని వస్తున్నాడు. సరిగ్గా నా పక్కకు వచ్చాక ఆ వస్తువు గంట కొట్టడం మొదలుపెట్టింది. గోడగడియారం. పావుగంట ఆలస్యంగా, పన్నెండూ కొట్టింది. మధ్యలో కదిలితే బాగుండదని ఇద్దరం నిలబడిపోయాం.

పన్నెండోది అయ్యాక ఆయన గోడతో అన్నాడు. "వీదిలో ఎవురూ లేరు కదా?"

"ఎవురూ లేరు మామా" అన్నాను.

"సరి. మంచిది" అని కదిలాడు.

ఒంటిగంటకు మరిది నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి వాకిలి తీశాడు. దొడ్డినిండా సామాను. కింద ఇత్తడి చెంబులు, ఇనప తవ్వలు, పత్తి తూచే రాళ్లు. వాటి పైన సైకిలు పంపులు, లోపల ఏమీ లేని రేడియో. ఆపైన మిక్సీ మూతలు, ఫోను చార్జర్లు. ఇందాక నేను చెప్పిన దొంగతనాల కథంతా పొరలు పొరలుగా అక్కడ పోగుపడి ఉంది. గాలిమర బోల్టు కూడా వచ్చింది, శొంఠి వాసనతో. ఒక మూలన కోడి కట్టేసి ఉంది. ఊళ్లో కోడి పోయిన సంగతి పదేళ్ల నాటిది కాబట్టి ఇది దాని మనవరాలో, మునిమనవరాలో అయి ఉండాలి. తెచ్చినవాళ్లకు న్యాయం తెలుసు.

మేక మాత్రం లేదు.

ఈలోగా ఆడవాళ్లు దొడ్లోకి తోసుకొచ్చారు. "ఇది నా పెండ్లి చెంబే!" అని ఒకతె. "నీ పెండ్లికి నీకు చెంబు యాడ ఇచ్చిరి, మూకుడు కదా ఇచ్చింది" అని ఇంకొకతె. మరిది చేతులు అడ్డం పెట్టి, "మూయండి, వాకిలి మూయండి! రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తారు" అని కేకలు.

"కేసులు లేని ఊరు అంటివే" అన్నాను.

"కేసులు యాడుండాయి వదినె? సామానే కదా ఉండేది" అన్నాడు, ఏడుపు గొంతుతో.

తోడికోడలు పోగులోంచి పాతాళగరిగె ఎత్తి నా దగ్గరికి తెచ్చింది. "అక్కా, ఇది నీ ఇంట్లో ఉండాదని నాకు ఆ దినమే తెలుసు."

"తెలిసీ ఏల అడగలా?"

"అడిగితే నువ్వు సిగ్గుపడతావని తిడితిని."

"నా చేతులు విరిగిపోనీ అంటివి కదే!"

"విరిగినాయా?" అంది. తర్వాత కొంగు కింద నుంచి నా మిక్సీ మూత తీసి ఇచ్చింది. "ఇది పోగులో పెట్టను మనసు రాలా. ఎవురన్నా ఎత్తుకుపోతారు."

నవ్వొచ్చింది కానీ నవ్వేంత తీరిక లేదు. ఊరివాళ్లు మేకను తేలేదంటే ఊరివాళ్లు తీసుకోలేదు. అంటే బయటివాళ్ల వ్యాను. అది ఈపాటికి ఏ సంతలో ఉందో. సాయంత్రానికి చిన్నపిల్ల లేచి నిలబడటం మానేసింది. ఒక పక్కకు ఒరిగి పడుకుని, నేను తలుపు దగ్గర కనబడ్డప్పుడల్లా ఒక చెవి కదిపేది.

బుధవారం పొద్దున్నే అరవంలో ఫిర్యాదు రాశాను. మూడు కాగితాలు చించి నాలుగోది నిలుపుకున్నాను. మేక రంగు, చెవుల రంగు, చక్రాల జాడ, అరటితొక్క, నేను నిద్రపోవడం, ఏదీ వదల్లేదు. రెండు పిల్లల్నీ ఇంట్లో మా కోడలికి అప్పగించి, చిన్నదాని నోట్లో గుడ్డతో రెండు చుక్కలు పిండి, ఇవతలి స్టేషనుకు పోయాను.

అక్కడ హెడ్డు కానిస్టేబులు ఉన్నాడు. మా వైపు ఆయన్ను ఏట్టయ్య అంటారు. అరవంలో నన్ను పాటీ, అంటే అవ్వా, అని పిలిచి మర్యాదగా కూచోబెట్టాడు. కాగితం చదివి, "మేక ఏ చోట పోయింది పాటీ?" అన్నాడు.

"వాగు అవతల."

ఆయన మొహం తేటపడింది. "అట్లయితే మాది కాదు. అవతలి స్టేషను."

"మేక మా ఇంటిది. ఇల్లు ఇవతలే ఉంది కదయ్యా."

"మేక ఏ ఇంటిదన్నది కాదు పాటీ, ఏ నేల మీద పోయిందన్నదే లెక్క. ఈ నెలలో మాకు ఇంతవరకు ఒక్క పశువు కేసూ పడలేదు" అన్నాడు, ఒట్టిపోయిన గొడ్డును అమ్మేసినవాడికి ఉండేంత హాయిగా. చెడ్డవాడు కాదు. టీ ఇప్పించాడు, ఏ బస్సు ఎక్కాలో చెప్పి, తానే రోడ్డు దాకా వచ్చి బస్సు ఆపాడు. ఒక కేసును వదిలించుకోవడానికి అంత మర్యాద చేసినవాళ్లను నేను చూడలేదు.

అవతలి స్టేషను ముందు బస్సు దిగగానే వెనక పెరట్లోంచి మేకల అరుపు వినబడింది. లోపలికి పోకుండా పక్కదారిన పెరట్లోకి పోయాను. వేపచెట్టు కింద తొమ్మిది మేకలు కట్టేసి ఉన్నాయి. ఎనిమిది నన్ను చూసి ఏమైనా తెచ్చానేమోనని అరిచాయి. ఒకటి మాత్రం నన్ను చూసి, మొహం తిప్పుకుని మేత తిన్నది. అదే నాది.

ఆ స్టేషనులో ఎస్సై ఆడమనిషి, చిన్న వయసు. నా అరుపుకు బయటికొచ్చింది. సంగతి ఆమె చెబితే తెలిసింది. సోమవారం మధ్యాహ్నం రోడ్డు మీద ఒక వ్యాను ఆపారు. ఇద్దరు మనుషులు, తొమ్మిది మేకలు. కొన్నామంటారు, ఎవరి దగ్గరో చెప్పరు. చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ ఫోన్లు చేశారు. ఏ ఊళ్లోనూ ఏమీ పోలేదట.

"మా ఊరికి చేశారా?" అన్నాను.

"చేశామమ్మా. మీ ప్రెసిడెంటుగారు, మా ఊళ్లో దొంగతనాలే ఉండవు అన్నారు."

"మేకలని చెప్పారా ఆయనకు?"

"మేకలు అనేలోపలే పెట్టేశారు."

అది మా మరిది ఆలోచించి చెప్పిన జవాబు కాదు. ఆ ప్రశ్నకు ఆయన నోట్లోంచి ఆ జవాబు దానంతటదే వస్తుంది. తక్కిన ఊళ్ల ప్రెసిడెంట్లూ అట్లాంటివాళ్లే అయి ఉండాలి. దొంగలు దొరికారు, మేకలు దొరికాయి, దొంగతనం ఒక్కటే దొరకలేదు. ఫిర్యాదు లేకుండా ఎన్నాళ్లని ఉంచుతారు? ఆ సాయంత్రం దాకా చూసి, ఎవరూ రాకపోతే వ్యానూ మేకలూ వాళ్లకే ఇచ్చి పంపేద్దామని అనుకున్నారట.

నా కాగితం ఇచ్చాను. ఆమె నిలబడే మొత్తం చదివింది.

"ఇది మీరే రాశారా?"

"అవును."

"'బాగా నిద్రపోయాను' అని కూడా రాశారు."

"నిద్రపోయాను కాబట్టి."

"ఇన్నేళ్లుగా మీ ఊరి నుంచి ఏ స్టేషనుకూ ఒక్కటి కూడా రాలేదంటారు. ఇప్పుడేమొచ్చిందమ్మా ఉన్నట్టుండి?"

"ఇన్నేళ్లు నాకు రాయడం రాదు" అన్నాను.

ఆమె నవ్వి పెద్ద పుస్తకం తెరిచింది. ఆ రాతకోతలు జరుగుతుండగా నాకు ఇంకో భయం పట్టుకుంది. మూడు రోజులు పిల్లలు తాగకపోతే పొదుగు రాయిలా గట్టిపడిపోతుంది. మేక దొరికినా పాలు దొరకవు. పెరట్లోకి పోయి పొదుగు పట్టుకుని చూశాను. మెత్తగా ఉంది. ఇట్లా ఎట్లా ఉందని అక్కడున్న కానిస్టేబులును అడిగితే అతను నేల చూశాడు.

"పాలు పిండుతున్నాం పాటీ. టీకి."

"మూడు రోజుల నుంచి స్టేషను టీ అంతా నా మేక పాలేనా?"

"మంచి చిక్కటి పాలు పాటీ" అన్నాడు, నన్ను సంతోషపెట్టాలని.

పోలీసులు నా మేకను పిండుకుని తాగారని తిట్టడానికి నోరు తెరిచాను. వాళ్లు పిండకపోతే పొదుగు పాడైపోయేదని అప్పుడే గుర్తొచ్చి మూసుకున్నాను. "రోజుకు ఎన్నిసార్లు?" అని మాత్రం అడిగాను. మూడుసార్లు అన్నాడు. మా ఇంట్లో నేను కూడా అంత శ్రద్ధగా చేయను.

కేసు తేలేదాకా మేక స్టేషనులోనే ఉండాలట. మేక ఉంటుంది, నా పిల్ల ఉండదు అన్నాను. ఎస్సై కొంతసేపు పెన్నుతో బల్ల మీద కొట్టి, ఎవరికో ఫోను చేసి మాట్లాడి, ఎప్పుడు అడిగితే అప్పుడు మేకను తెచ్చి చూపిస్తానని రాసిమ్మంది. రాసిచ్చాను. అది నా రెండో సర్కారు కాగితం, ఒక్కటి కూడా చించలేదు. నేను బయల్దేరేటప్పటికి ఆమె మళ్లీ ఊళ్లకు ఫోన్లు చేయిస్తోంది. ఈసారి మాట మొదలుపెట్టడమే 'మేకలు' అనే మాటతో మొదలుపెట్టమని చెబుతోంది. సాయంత్రానికి తక్కిన ఎనిమిదింటికీ మనుషులు వచ్చారట, ఎనిమిది ఫిర్యాదులూ పడ్డాయట. ఆ జిల్లాలో ఆ నెల మేకల దొంగతనాలు ఒక్కసారిగా పెరిగిపోయాయని ఏ ఆఫీసరైనా కంగారుపడి ఉంటే, అది మేకలన్నీ దొరికిన రోజే అని ఎవరైనా ఆయనకు చెప్పి ఉంటే బాగుండును.

ఆటోలో మేకను నా కాళ్ల మధ్య ఇరికించుకుని వచ్చాను. దారిపొడుగునా అది నా సంచి నమిలింది.

ఇంటి ముందు మరిది కాచుకుని ఉన్నాడు. మొహం వాడిపోయి ఉంది. "పెట్టేసినావా వదినె?"

"పెట్టేస్తిని."

"యాడ?"

"వాగు అవతలి స్టేషన్లో."

ఆయన ఒక్కొక్క మాటే పలుకుతూ అడిగాడు. "అంటే... కేసు విరుదునగరం జిల్లాలో పడిందా? మన ఊరి లెక్కలోకి రాదు కదా?"

"రాదంట."

"అయ్యో వదినె! ఇది ముందే తెలిసుంటే సోమవారమే నేనే బస్సెక్కించి పంపుదును కదా!" అని తువ్వాలు తీసి దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. బోర్డు గురించి, కుర్చీల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. దొడ్లో సామాను మీద టార్పాలిను కప్పించాడట.

నేను వినలేదు. మేకను లోపలికి లాక్కుపోయాను. పెద్దపిల్ల ఎగిరొచ్చి పొదుగు పట్టుకుంది. చిన్నది పడుకున్న చోటే ఉంది. ఎత్తుకొచ్చి తల్లి ముందు పెడితే, తల్లి వాసన చూసి వెనక్కి తగ్గింది. మూడు రోజులు ఆవుపాలు, నా చేతివాసన. తనది కాదనుకుంది.

తోడికోడలు ఎప్పుడు వచ్చిందో, "కొమ్ములు నేను పట్టుకుంటాను, నువ్వు పిండు అక్కా" అంది. పిండి, ఆ పాలే పిల్ల వీపంతా, తలంతా రాశాను. రెండు చుక్కలు నాలుక మీద వేశాను. దాన్ని కడుపు కింద చెయ్యి పెట్టి నిలబెట్టి రొమ్ము నోటికందించాను. కాళ్లు వణుకుతున్నాయి. ఒకసారి జారవిడిచింది. రెండోసారీ విడిచింది. తల్లి మెడ వంచి దాని వీపు వాసన చూసింది, మళ్లీ చూసింది, నాకడం మొదలుపెట్టింది.

"వదినె, రేపు సబ అయ్యేదాకా మేక అరవకుండా చూసుకో" అంటున్నాడు మరిది గుమ్మంలోంచి.

"మీరు అరవకుండా ఉండండి ముందు" అంది ఆయన భార్య.

మూడోసారి పిల్ల విడవలేదు. గొంతు కదిలింది. కాసేపటికి తోక కూడా ఆడింది.